లైట్లుంటే చాలన్నారు

ఆ ఏడు గోధుమ కోత సగంలో ఉండగా మా లీగు చచ్చిపోయింది.

దక్షిణపు గుట్ట మీద కోస్తున్నాను. కోత మిషను క్యాబిన్లో రేడియో మోగుతోంది. వార్తలు చదివేవాడు వాన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. పడమటి అమెరికా కాలేజీలు పది కలిసి నూట ఎనిమిదేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతున్న లీగులోంచి ఎనిమిది కాలేజీలు వెళ్లిపోతున్నాయి. టీవీవాళ్లు ఎక్కువిస్తామన్న చోటికి. మిగిలింది రెండు. బంగాళాదుంపలు పండించే లోయలో ఓ చిన్న కాలేజీ ఒకటి, మా డన్‌మోర్ కాలేజీ ఒకటి.

నేను మిషను ఆపలేదు. ఆపితే ఏమొస్తుంది? గింజ ఎండి ఉంది, మర్నాడు గాలివాన అంటున్నారు.

డెల్బర్ట్ ధాన్యం లారీ తెచ్చి గట్టు పక్కన నిలిపాడు. మా పొలానికి ఆనుకునే వాడి పొలం. ఇద్దరం ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లం. లారీ దిగకుండానే కేక వేశాడు.

"విన్నావుట్రా?"

"విన్నాను."

"హాలం కాలేజీ వాళ్లు కూడా పోయార్రా! నూట నాలుగుసార్లు మనతో ఆడినవాళ్లు. ఇకమీదట రెండువేల మైళ్లు విమానంలో పోయి ఆడతారట. ఆడపిల్లల వాలీబాల్ జట్టు కూడా పోవాలట, మర్నాడు పరీక్ష పెట్టుకుని."

"పోనీ."

"పోనీ ఏంట్రా, మనల్ని ఎవడూ పిలవలేదు!"

"ఎందుకు పిలుస్తారు? మన జిల్లాలో టీవీలకన్నా ఆవులు ఎక్కువ."

వాడు పడీపడీ నవ్వాడు. నవ్వించడానికి అన్న మాట కాదు.

నేను ఆ కాలేజీలో ఒక్క రోజు కూడా చదవలేదు. వాగు ఒడ్డున రెండు గదుల బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత నాన్న ట్రాక్టరు ఎక్కించాడు. కానీ నలభై మూడేళ్లుగా ఆ స్టేడియంలో పద్నాలుగో సెక్షను, ఇరవై రెండో వరసలో రెండు సీట్లు మావి. ఏడో నంబరు నాది, ఎనిమిది నా భార్య లోయిస్‌ది. లోయిస్ పోయి మూడేళ్లయింది. రెండు సీట్లూ నేనే కొంటున్నాను. ఎందుకని అడిగినవాళ్లతో నేను మళ్లీ మాట్లాడలేదు.

కోతలు అయిన మర్నాడు రైతు సంఘం హాల్లో మీటింగు పెట్టారు. కాలేజీలో ఆటలు చూసుకునే నోలన్ బ్రేస్ వచ్చాడు. ఎక్కడివాడో, వచ్చి రెండేళ్లయింది. మా దుమ్ములో నడవని బూట్లు వేసుకుని వేదికెక్కాడు. పర్వత లీగు అని ఒకటుంది, వాళ్లు ఒక్క కాలేజీని తీసుకుంటారు, మనం అడిగాం అన్నాడు.

"వాళ్లకి రెండు కావాలి. ఒకటి, స్టేడియంలో ఆటకి పాతికవేల మంది. రెండు, మన ప్రొఫెసర్ల చేతి మీదుగా ఒక రిపోర్టు. కాలేజీ స్థాయి, పిల్లల మార్కులు, జనం లెక్క, అన్నీ అందులో ఉండాలి."

వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "ప్రొఫెసర్లకేం తెలుసయ్యా బంతి సంగతి? గుండ్రంగా ఉంటుందనుకుంటారు."

మా ఆట బంతి కోలగా ఉంటుంది మరి, హాలంతా నవ్వింది. బ్రేస్ కూడా నవ్వాడు గాని మాట మార్చలేదు. "వాళ్ల సంతకం లేకుండా ఏ కాలేజీ ఏ లీగులోకీ పోదండీ. అవతల ఓటు వేసేవాళ్లు కూడా ఒకప్పుడు పాఠాలు చెప్పినవాళ్లే."

"జనం సంగతి మాకొదిలెయ్యండి," అన్నాను. అనాలనుకుని వెళ్లలేదు. నోటికొచ్చేసింది. అందరూ నా వైపు తిరిగారు. లోయిస్ పోయాక నేను ఆ హాల్లో నోరు విప్పడం అదే మొదటిసారి.

"పాతిక కాదు," అన్నాను, "ఉన్న ఇరవై ఎనిమిది వేల సీట్లూ అమ్ముతాం."

మూడు వారాలు తిరిగాను. గుట్ట గుట్టకీ, గడప గడపకీ వెళ్లాను. ఎవర్నీ బతిమాలలేదు. పుస్తకంలో పేరు రాసి, పక్కన ఈ ఏడు అన్ని ఆటలకీ ఎన్ని సీట్లో అంకె వేసి, వాళ్ల వైపు తిప్పేవాణ్ణి. "నాలుగేంటి వెర్లిన్, మేం ఇద్దరమే," అంటే, "మిగతా రెండూ ఎవరికైనా ఇచ్చుకోండి," అనేవాణ్ణి. ఎస్తర్ నైగార్డ్‌కి ఎనభై నాలుగేళ్లు, చేతికర్ర లేకపోతే గుమ్మం దాటలేదు. ఆవిడా నాలుగు తీసుకుంది. "హాలం వాళ్ల మొహం మీద కొట్టడానికైతే ఆరు రాసుకోవయ్యా," అని తనే మళ్లీ దిద్దించింది. ఊళ్లో పళ్ల డాక్టరు తీసుకున్నాడు, పాస్టరు తీసుకున్నాడు, ధాన్యం గోదాములో తూకం వేసేవాడు తీసుకున్నాడు. డెల్బర్ట్ ఎనిమిది తీసుకున్నాడు.

సెప్టెంబరు మొదటి వారానికి ఒక్క సీటు మిగల్లేదు. పదకొండేళ్లలో అలా జరగలేదు. 'అన్నీ అమ్ముడుపోయాయి' అని పెద్ద గేటు మీద బోర్డు కట్టారు. డెల్బర్ట్ దాని కింద నిలబడి ఫోటో తీయించుకున్నాడు. నేను తీయించుకోలేదు. కానీ ఊళ్లోకి వెళ్లిన ప్రతిసారీ ఆ గేటు ముందునుంచే బండి పోనిచ్చాను.

మా అమ్మాయి కరిన్ ఆ కాలేజీలోనే లెక్కల ప్రొఫెసరు. పెళ్లి చేసుకోలేదు. కాలేజీ వెనక వీధిలో ఒక్కతే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం నా దగ్గర భోజనం. మాంసం నేను కాలుస్తాను, మిగతావి తను తెస్తుంది. లోయిస్ పోయినప్పటినుంచీ అదే పద్ధతి. పెద్దగా మాట్లాడుకోం.

సెప్టెంబరు నెలాఖరు ఆదివారం అది. కూర్చోగానే మొదలుపెట్టింది.

"నాన్నా, లీగుకి పంపే రిపోర్టులో జనం లెక్క నాకు అప్పజెప్పారు."

"మంచిది. ఇరవై ఎనిమిది వేలు రాయి."

"అవి అమ్మిన టికెట్లు."

"అవును, అమ్మినవే. నేనే అమ్మాను."

"వచ్చినవాళ్లు మొదటి ఆటకి పదిహేను వేలు. రెండో దానికి పదమూడు. నిన్నటి దానికి పన్నెండున్నర. గేటు దగ్గర టికెట్టు చూసే మిషను ఉంటుందిగా, అది లెక్కపెడుతుంది."

నేను మాంసం కోస్తూ ఉండిపోయాను. అప్పుడు తట్టింది. అప్పటిదాకా తట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మా గుట్టల్లో సెప్టెంబరు అంటే విత్తనం. ఎండిన నేల మీద మొదటి వాన పడిన మూడు వారాల్లో శీతాకాలపు గోధుమ లోపలికి పోవాలి. తెల్లారకముందు గొర్రు ఎక్కితే చీకటి పడ్డాకే దిగుతాం. ఆదివారాలు తప్ప పండగలు లేవు, పెళ్లిళ్లు లేవు. మా నాన్న రోజుల్లో సొంత ఊళ్లో మొదటి ఆట అక్టోబరు రెండో శనివారం ఉండేది. టీవీవాళ్లు వచ్చాక సెప్టెంబరుకి లాగారు. మేం అప్పటికీ టికెట్లు కొంటూనే ఉన్నాం. కొని, వంటింటి సొరుగులో పడేసి, గొర్రు ఎక్కుతూనే ఉన్నాం. గుట్ట గుట్టకీ తిరిగి టికెట్లు అమ్మినవాణ్ణి. కొన్నవాళ్లందరూ ఆ శనివారాలు నాలాగే పొలంలో ఉంటారన్న సంగతి నాకే తెలియలేదు.

"సీట్లవారీగా కూడా లెక్క ఉంది," అంది కరిన్.

"ఉంటే?"

"పద్నాలుగో సెక్షను. ఇరవై రెండో వరస."

కత్తి ఆపాను.

"ఏడు, ఎనిమిది. ఈ సెప్టెంబరు ఒక్కటే కాదు. మూడేళ్లుగా ఒక్కసారి కూడా గేటు దాటలేదు. అక్టోబర్లో, నవంబర్లో ప్రతి శనివారం పొద్దున్నే బయల్దేరతావు, సాయంత్రం వస్తావు. ఎక్కడికెళ్తున్నావు నాన్నా?"

"పార్కింగులో ఉంటాను. బండిలో. రేడియో వింటాను."

"మూడేళ్లా?"

"బఠాణీలు ఇటివ్వు."

ఇచ్చింది.

"అయితే ఆ పన్నెండూ పదమూడే రాసి పంపుతావా?" అన్నాను.

"ఉన్నది రాస్తాను."

"మీ ప్రొఫెసర్లకి కావలసిందీ అదేగా. ఫుట్‌బాల్ మూసేస్తే లైబ్రరీ ఆదివారాలు కూడా తెరవచ్చు. మూసేసిన జర్మన్ క్లాసు మళ్లీ పెట్టుకోవచ్చు. నీ లెక్క వాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టు ఉంటుంది."

"కొందరికి అదే కావాలి. నాకు కావలసింది లెక్క సరిగ్గా ఉండటం."

"నిన్ను ఆ కాలేజీలో చదివించింది ఈ గోధుమ."

"అందుకే అబద్ధం రాయను."

"మీ అమ్మ ఉంటే నీ చేత ఇరవై ఎనిమిది వేలు రాయించేది."

"అమ్మ ఉంటే నిన్ను ఆ బండిలోంచి దింపేది."

నేను లేచాను. తలుపు తీసి పట్టుకున్నాను. "వెళ్లు," అన్నాను. తను తెచ్చిన గిన్నె మీద మూత పెట్టి, కోటు వేసుకుని, నా పక్కనుంచే దాటి వెళ్లింది. మూడు ఆదివారాలు ఒక్కణ్ణే తిన్నాను. ఫోను మోగితే ఎత్తలేదు.

అక్టోబరు మూడో వారంలో లీగు మనుషులు చూడ్డానికి వచ్చారు. బ్రేస్ నాకు కబురు పెట్టాడు.

"మీరు నలభై మూడేళ్ల అభిమాని కదండీ. రెండు ముక్కలు మనసులోంచి చెప్పండి చాలు. అంకెల జోలికి మాత్రం వెళ్లకండి."

కాలేజీ ఆఫీసు మేడ మీద పొడుగాటి బల్ల. ఒక వైపు లీగు తరఫున వచ్చిన హోల్‌కంబ్ గారు. వేరే కాలేజీని నడిపే ఆవిడ, అంతకుముందు చరిత్ర పాఠాలు చెప్పిందట. ఆవిడ పక్కన టీవీ కంపెనీ కోటు వేసుకున్న మనిషి. పేరు ఎవరూ చెప్పలేదు. ఇటువైపు బ్రేస్, నేను. బల్ల చివర నీలం ఫైలు ముందు పెట్టుకుని కరిన్. నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

బ్రేస్ నన్ను పరిచయం చేశాడు, వేలంలో ఎద్దుని చూపించినట్టు. హోల్‌కంబ్ గారు ఫైల్లోంచి తల ఎత్తింది.

"హాగ్ గారూ, మీ అమ్మాయి పంపిన లెక్క చదివాను. అమ్మినవాటికీ వచ్చినవాళ్లకీ ఇంత తేడా నేనెక్కడా చూడలేదు. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ ఏడు మీరు ఎన్ని ఆటలకి వెళ్లారు?"

బల్ల కింద బ్రేస్ బూటు నా బూటుకి తగిలింది.

"ఒక్కదానికీ వెళ్లలేదు," అన్నాను.

ఆ బూటు ఈసారి గట్టిగా తగిలింది. కాలు పక్కకి జరుపుకున్నాను.

"సెప్టెంబర్లో మేం విత్తనం వేస్తాం. ఆట పెట్టేవాళ్లకి ఆ సంగతి తెలియదు. తెలిసినా అక్కర్లేదు. అయినా టికెట్లు కొంటాం. అదీ మా లెక్క. మా అమ్మాయి రాసింది నిజం."

"మరి అక్టోబర్లో, నవంబర్లో?"

"అక్టోబర్లో, నవంబర్లో నా ఇష్టం."

ఆవిడ ఫైల్లో ఏదో రాసుకుంది. బ్రేస్ మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. అప్పుడు టీవీ మనిషి నవ్వాడు. చెడ్డ నవ్వు కూడా కాదు. పిల్లల గొడవ తీర్చేవాడి నవ్వు.

"దీనికింత కంగారెందుకండీ? ఎంతమంది వస్తారన్నది మాకు పెద్ద విషయం కాదు. గురువారం రాత్రి మాకో ఖాళీ ఉంది. తూర్పున జనం పడుకునే వేళకి ఇక్కడ ఇంకా ఏడున్నరే. ఆ వేళకి ఆడేవాళ్లు కావాలి. లైట్లున్న మైదానం ఉంటే చాలు."

"జనం లేకపోయినానా?" అన్నాను.

"కెమెరా ఒక పక్కనే ఉంటుంది సర్. ఎదర స్టాండులో ఉన్నవాళ్లని దగ్గరదగ్గరగా కూర్చోబెడితే నిండినట్టే కనిపిస్తుంది."

"పద్నాలుగో సెక్షను ఎటు వస్తుంది?"

చేతిలో పలక లాంటిది వేలితో తోసి చూశాడు. "అది కెమెరా వెనక. అది అక్కర్లేదు."

హోల్‌కంబ్ గారు కళ్లు దించుకుని కాగితాలు సర్దుకుంది. ఆవిడకి సిగ్గేసిందని నాకు తెలుసు. సిగ్గుపడి ఊరుకునేవాళ్ల మీద నాకు జాలి లేదు.

"సొంత ఊళ్లో ఆటలు ఎన్ని?" అని అడిగింది కరిన్. గదిలో తను మాట్లాడింది ఆ ఒక్క మాటే.

"ఆరు. ఆరూ గురువారాలే. నాలుగు సెప్టెంబర్లో పడతాయి."

కరిన్ ఫైలు మూసింది. ఏ లెక్క కోసం తండ్రీ కూతుళ్లం మూడు వారాలు మొహాలు చూసుకోలేదో, ఆ లెక్క వాళ్లకి అవసరమే లేదు.

పదో రోజున పిలుపు వచ్చింది. ఊళ్లో ఫైరింజను సైరను మోగించారు. డెల్బర్ట్ ఫోన్లో అరిచాడు, "వచ్చేసిందిరా, తీసుకున్నార్రా!" అని. మిగిలింది ఒక్కటే. ఆట ఉన్న గురువారం కార్లు పెట్టడానికి కాలేజీ మధ్యాహ్నానికే మూసేయాలి. పాఠం రోజు పాఠం ఆపాలంటే ప్రొఫెసర్ల సభ ఒప్పుకోవాలి. కాలేజీ పుట్టినప్పటి నియమం అది. అంతవరకూ పిలుపు పిలుపే.

నేను కరిన్ ఇంటికి వెళ్లాను. తలుపు తీసింది. లోపలికి రమ్మంది. గుమ్మంలోనే నిలబడ్డాను.

"మీ సభలో బయటివాళ్లు మాట్లాడొచ్చా?"

"మూడు నిమిషాలు. పేరు ముందే ఇవ్వాలి."

"నా పేరు ఇవ్వు."

"ఏ వైపు మాట్లాడతావు?"

"పేరు ఇవ్వు."

"సరే. కాఫీ తాగుతావా?"

"తాగను."

క్షమించమని నేను అడగలేదు. తనూ అడగలేదు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు.

సభ ముందురోజు గోదాము దగ్గర డెల్బర్ట్ నా బండికి అడ్డం నిలబడ్డాడు. ఎవరు చెప్పారో, అప్పటికే తెలిసిపోయింది.

"ఏం మాట్లాడబోతున్నావురా రేపు?"

"రేపు వినొచ్చు."

"పిలవక పిలవక పిలిచార్రా మనల్ని. నోరు మూసుకుని ఇంట్లో కూర్చో."

"మన సీట్లు వాళ్లకి అక్కర్లేదట."

"అక్కర్లేకపోతే మానె. నేను టీవీలో చూస్తా."

"చూడు. ఎదర స్టాండులో దగ్గరదగ్గరగా కూర్చున్నవాళ్లని చూడు."

"ఒరేయ్, ఇది కాదంటే ఏ లీగూ ఉండదు మనకి. కోచ్ పోతాడు. ఆటగాళ్లు పోతారు. మెయిన్ వీధిలో సగం కొట్లకి తాళాలు పడతాయి. మా కోడలి హోటల్ మూతపడుతుంది. నీకేంరా, నీకెవరున్నారు?"

ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. లోయిస్ శవపేటికని నాతో పాటు మోసినవాడు. నేను బండి వెనక్కి తీసి, వాణ్ణి చుట్టి, వెళ్లిపోయాను. ఆ తర్వాత వాడితో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడను.

ప్రొఫెసర్ల సభ మెట్లు మెట్లుగా బల్లలున్న క్లాసు గదిలో జరిగింది. నలభై మూడేళ్లుగా ఆ కాలేజీ కోసం గొంతు చించుకున్నవాణ్ణి, దాని క్లాసు గదిలో కాలు పెట్టడం అదే మొదలు. సుద్ద వాసన మా రెండు గదుల బడి వాసనే.

ముందు బ్రేస్ మాట్లాడాడు. తెర మీద బొమ్మలు వేశాడు. తర్వాత ఆంబ్రోస్ అని కెమిస్ట్రీ ముసలాయన లేచి, అసలు ఈ హెల్మెట్ల గోలే మనకి వద్దు, ఇదే అదను, మొత్తం ఎత్తేద్దాం అన్నాడు. సగంమంది బల్లలు తట్టారు. మా వాళ్లు గోడ వెంబడి నిలబడి పళ్లు నూరుతున్నారు. తర్వాత నా పేరు పిలిచారు.

రాసుకుని వెళ్లలేదు. చెప్పింది ఇంతే.

"నా పేరు వెర్లిన్ హాగ్. ఈ కాలేజీలో నేను చదవలేదు. ఈ ఏడు టికెట్లు అమ్మింది నేను. మావాళ్లు కొన్నారు, రాలేదు. విత్తనం వేస్తున్నారు. ఆ సంగతి నాకు తట్టలేదు. మా అమ్మాయికి తట్టింది. చెబితే ఇంట్లోంచి పంపేశాను."

కరిన్ ఎక్కడ కూర్చుందో నేను వెతకలేదు.

"మేమంటే మీలో చాలామందికి చిన్నచూపు. మీరంటే మాకూ అంతే. దాన్ని అలాగే ఉండనివ్వండి. కానీ గురువారం మీరు పాఠం చెప్పాలి. సెప్టెంబర్లో మేం విత్తనం వేయాలి. ఆ కోటు వేసుకున్నాయనకి మీ పాఠమూ అక్కర్లేదు, మా విత్తనమూ అక్కర్లేదు. మా పిల్లలు ఆడేది మేం చూడక్కర్లేదు. మైదానం ఉండి, లైట్లుంటే చాలట. అలాంటి చోటికి పిలిస్తే వెళ్లేవాళ్లుంటారు. హాలం వాళ్లు వెళ్లారు. నేను వెళ్లను. మీరు వెళ్తే నా పేరు మీద ఉన్న రెండు సీట్లు తీసేయండి."

"ఇంకా ఒక నిమిషం పైన ఉందండీ," అన్నాడు సభ నడిపేవాడు.

"ఉంచుకోండి," అన్నాను.

ఆంబ్రోస్ లేచాడు. "హాగ్ గారూ, నా ఓటు ఎలాగూ వద్దనే. కానీ మీకు తెలియాలి. మేం వద్దంటే మీకు ఫుట్‌బాలే ఉండకపోవచ్చు."

"ఎందుకుండదు? బంగాళాదుంపల వాళ్లున్నారు. వాళ్లనీ ఎవరూ పిలవలేదు. ఇద్దరుంటే ఆట అవుతుంది."

ఎవరో నవ్వారు. గోడ దగ్గర మావాళ్లో, బల్లల దగ్గర వాళ్లో తెలియలేదు. రెండు వైపులా అనుకుంటాను.

చేతులెత్తమన్నారు. ఒప్పుకుందామన్న చేతులు ముప్పై తొమ్మిది. వద్దన్నవి నలభై నాలుగు. మూడో వరసలో కరిన్ చెయ్యి వద్దన్న వాటిలో ఉంది. నా కోసం ఎత్తలేదు. గురువారం తనకి క్లాసుంది.

వరండాలో బ్రేస్ నా భుజం పట్టి ఆపాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం సాధించారండీ? చెప్పండి, ఏం సాధించారు?"

"గురువారం," అన్నాను.

వారం తిరక్కుండా కోచ్ వేరే ఉద్యోగం చూసుకున్నాడు. తొమ్మిది మంది మంచి ఆటగాళ్లు మేం పోతామని చెప్పేశారు. డెల్బర్ట్ కోడలు హోటలు అద్దాల మీద నా పేరు రాసి, దాని కింద మరో మాట రాసింది. అది ఇక్కడ రాయను. దాన్ని నవంబరు నెలాఖరు దాకా చెరపలేదు. అందులో ఆవిడ తప్పేమీ లేదు.

నవంబరు మూడో శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి ఆఖరి ఆట. హాలం వాళ్లతో. ఆ లీగులో మా ఇద్దరికీ అదే చివరిది. పొద్దుటినుంచీ మంచు కురుస్తోంది. పార్కింగులో బండి ఆపాను. రేడియో కట్టేశాను. దిగి, గేటు వైపు నడిచాను. ఎందుకో నాకు తెలుసు. ఇంకెవరికీ చెప్పాల్సిన పని లేదు.

విత్తనాలు ఎప్పుడో అయిపోయాయి. అందరూ వచ్చారు. ఎస్తర్ నైగార్డ్‌ని ఇద్దరు మనవలు కుర్చీతో సహా మోసుకొచ్చారు. గోడ వెంబడి నిలబడి పళ్లు నూరినవాళ్లు వచ్చారు. నా మీద ఉమ్మేయాలనుకున్నవాళ్లు వచ్చారు. ఆంబ్రోస్ మఫ్లర్ చుట్టుకుని, తప్పిపోయినవాడిలా సీటు నంబరు వెతుక్కుంటూ వచ్చాడు. కరిన్ వచ్చింది. ఎనిమిదో సీట్లో కూర్చోబోతే వద్దన్నాను. పక్కన మెట్ల మీద కూర్చుంది. మంచులో, ఆట అయ్యేదాకా అక్కడే ఉంది. డెల్బర్ట్ మాకు మూడు వరసల కింద ఉన్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

హాలం వాళ్లు ఆరువేల మంది బస్సుల్లో వచ్చి ఒక మూలంతా నింపారు. 'దిక్కులేనివాళ్లకి టాటా' అని పొడుగాటి గుడ్డ కట్టారు. మా పిల్లలు, పోతామని చెప్పేసిన ఆ తొమ్మిది మందితో సహా, ఒంట్లో ఉన్నదంతా పెట్టి ఆడారు. చాల్లేదు. ఇరవై నాలుగు, పదిహేడు. ఓడిపోయాం.

ఆట అవగానే హాలం మూల లేచి నిలబడింది. చేతి గుడ్డలు ఊపుతూ వీడ్కోలు పాట అందుకుంది. మామూలుగా అయితే ఓడినవాళ్లం ఈపాటికి మెట్లు దిగుతూ ఉంటాం, కార్ల దగ్గరికి పరుగెడుతూ ఉంటాం.

ఆరోజు ఎవరూ లేవలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తిట్టలేదు, ఈల వేయలేదు, తిరిగి పాడలేదు. మా టోపీల మీద, భుజాల మీద మంచు పేరుకుంటూ ఉంది. ఇరవై రెండు వేల మందిమి కూర్చుని వాళ్ల వైపు చూశాం. పాట మొదటి చరణం గట్టిగానే సాగింది. రెండో చరణంలో సన్నబడింది. మూడోది కొందరే ఎత్తుకుని, చుట్టూ చూసి, మానేశారు. చేతి గుడ్డలు జేబుల్లోకి పోయాయి. కట్టిన గుడ్డని ఇద్దరు కుర్రాళ్లు తలొంచుకుని విప్పుతుంటే, ముడి పడి, చాలాసేపు పట్టింది. దాన్నీ చూశాం.

వాళ్ల చివరి బస్సు నది రోడ్డు ఎక్కేదాకా మేం సీట్లలోంచి కదల్లేదు.